వెనక సీటు చప్పుడు

మోటార్ సైకిల్ చప్పుడు మీద వ్యాసమేమిటి, రాయడానికి మరో విషయం దొరకలేదా అని మీకు అనిపించవచ్చు. మా ఆవిడ కూడా అదే అంది. కానీ ఇన్నేళ్ళుగా నన్ను వదలని ప్రశ్న ఒకటుంది. అది నాకు పుస్తకాల్లో ఎదురవలేదు, ఆ చప్పుడులోనే ఎదురైంది. ప్రశ్న చిన్నదే. "నాకు తెలియదు" అన్న మాట ఎప్పుడు నిజం, ఎప్పుడు అబద్ధం?

2012 నాటి సంగతి. అప్పటికి నేను అల్ ఐన్ వచ్చి నాలుగేళ్ళయింది. ఒక స్కూల్లో లెక్కల మాస్టారి ఉద్యోగం, జిమిలో రెండు గదుల ఇల్లు. దుబాయిలోలాగా ఇక్కడ ఆకాశాన్ని తాకే మేడలు లేవు. ఊరి మధ్యలో లక్షకు పైగా ఖర్జూరపు చెట్లున్న తోట, దాని మట్టిగోడల మధ్య నడిచే దారులు, చెట్ల మొదళ్ళకి నీళ్ళు తెచ్చే ఫలజ్ కాలవలు. ఆ తోటల్ని, హఫీత్, హిలి పురాతన స్థలాల్ని కలిపి 2011లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. కోనసీమలో పుట్టినవాణ్ణి కాబట్టి కాలవ గట్టూ, చెట్టు నీడా ఉన్న ఈ ఊరు నాకు తొందరగానే అలవాటైపోయింది.

కారు కొనే స్తోమత లేక ఒక సెకండ్ హ్యాండ్ మోటార్ సైకిల్ కొన్నాను. ఎండాకాలంలో దాని మీద కూర్చోవడమంటే పెనం మీద కూర్చోవడమే. అక్టోబరు దాటితే మాత్రం స్వర్గం. అప్పట్లో ఇక్కడ సెలవు శుక్రవారం. శని, ఆదివారాలకి మారింది 2022లో. శుక్రవారం సాయంత్రం మా ఆవిడని వెనక ఎక్కించుకుని జెబెల్ హఫీత్ కొండ మీదికి వెళ్ళేవాణ్ణి. కొండ ఎత్తు పన్నెండు వందల మీటర్ల పైమాటే. దాని మీదికి పన్నెండు కిలోమీటర్ల నున్నటి రోడ్డు, అరవై దాకా మలుపులు. పైకెక్కి చూస్తే ఒకవైపు ఊరి దీపాలు, ఇంకోవైపు ఒమాన్.

అలా ఒక శుక్రవారం కొండ దిగుతుంటే మా ఆవిడ నా భుజం తట్టింది.

"ఏవండీ, కింద ఏదో టక్ టక్ మంటోంది."

నాకేం వినపడలేదు. హెల్మెట్, గాలి, ఇంజను రొద. బండి పక్కకి తీసి, సెంటర్ స్టాండు వేసి చక్రం తిప్పి చూశాను. చప్పుడు లేదు. "నీకు చెవుల్లో గాలి దూరిందే" అని నవ్వేశాను. మరుసటి వారం మళ్ళీ అదే మాట. మళ్ళీ ఆపాను, మళ్ళీ ఏమీ లేదు.

మొండివాణ్ణి కాబట్టి రెండు మూడు వారాలు ఒక్కణ్ణే తిరిగి వెతికాను. యంత్రంలో చప్పుడు వెతకడానికి ఒక పద్ధతుంది. లెక్కల్లో తెలియని రాశిని పట్టుకునే పద్ధతి లాంటిదే. అన్నీ ఒకేసారి మార్చకూడదు, ఒక్కొక్కటే మార్చి చూడాలి. బండి నిలబెట్టి ఇంజను వేగం పెంచితే చప్పుడు పెరిగిందా? పెరిగితే దోషం ఇంజనులో ఉన్నట్టు. బండి నడుస్తుండగా క్లచ్ పట్టుకుంటే ఇంజను నెమ్మదిస్తుంది, చక్రాలు మాత్రం అదే వేగంతో తిరుగుతాయి. అప్పుడూ చప్పుడు అలాగే ఉంటే దోషం చక్రాల వైపు. బ్రేకు కొద్దిగా తాకిస్తే మారిందా? ఎడమ మలుపులో ఒకలాగా, కుడి మలుపులో ఒకలాగా ఉందా? పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద ఆనించి, పిడి చెవికి ఆనించి వింటే డాక్టరు స్టెతస్కోపులాగా పనిచేస్తుంది. ఇవన్నీ చేశాను. టాపెట్లు మామూలే. బేరింగులు మామూలే. చైను బిగువు సరిగ్గానే ఉంది. జిడ్డూ ఇసకా కలిసి నల్లగా పేరుకున్న చైనుకి నూనె వేసి, చేతులు కడుక్కుని, దోషం లేదని తీర్పిచ్చేశాను.

మా ఆవిడ చెప్పే చప్పుడు ఆవిడ వెనక కూర్చున్నప్పుడే వస్తోందన్న సంగతి నా పరీక్షల్లో ఎక్కడా లేదు. నేను వినని చప్పుడుని చప్పుడుగా లెక్కేయలేదు. క్లాసులో పిల్లలకి ప్రతిరోజూ చెప్పేవాణ్ణి, ఇచ్చిన వివరాల్లో ఒక్కటి వదిలేసినా లెక్క తప్పుతుందని. ఇంట్లో మాత్రం అసలు వివరాన్నే వదిలేశాను.

జనవరిలో మా ఆవిడ కాన్పుకి కాకినాడ వెళ్ళింది. దానితో చప్పుడూ పోయింది. ఫిబ్రవరిలో బండి అమ్మేసి పాత కారు ఒకటి కొందామనుకున్నాను. పసిబిడ్డతో మోటార్ సైకిల్ ఏం బాగుంటుంది?

జాఖర్ వైపు ఒక బకాలాలో, అంటే కిరాణా కొట్టులో, పనిచేసే కుర్రాడు బండి చూడడానికి వచ్చాడు. నిజామాబాద్ వైపు వాడు. కొత్తగా లైసెన్సు వచ్చింది. ఒక వీధి చుట్టూ తిరిగొచ్చి, దిగి, బండి ట్యాంకు మీద చెయ్యేసి నిమిరాడు.

"మంచిగున్నదన్నా. మా బావమర్ది మజ్రాల పనిజేస్తడు. శుక్రారం శుక్రారం పోయి ఎన్క కూసోబెట్టుకొని తీస్కొస్త. పాపం ఆడ వాడొక్కడే ఉంటడు."

మజ్రా అంటే ఎడారిలో తోట. నెలల తరబడి ఒంటె మొహం, మేక మొహం తప్ప మనిషి మొహం కనపడని ఉద్యోగం.

తరవాత అడిగాడు. "ఏమన్న సప్పుడు గిప్పుడున్నదా అన్నా?"

"ఏం లేదు. మొన్ననే పాసింగ్ కూడా అయింది" అన్నాను.

రెండు వాక్యాలూ నిజమే. నేను నడిపితే చప్పుడు లేదు. పరీక్షా కేంద్రంలో బండి పాసయింది, కాగితం ఉంది. ధర మూడు వేల ఐదు వందల దిర్హాములు. ఐదు వందలు అడ్వాన్సు ఇచ్చాడు. అన్నీ పది, ఇరవై నోట్లు. మిగతాది శుక్రవారం ఇస్తానని, ముల్కియా మార్పించుకుంటానని వెళ్ళాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను అబద్ధం చెప్పానా?

చెప్పలేదని వాదించడానికి నా దగ్గర చాలా ఉన్నాయి. మొదటిది మన సంత. చిన్నప్పుడు మా తాతగారితో పశువుల సంతకి వెళ్ళేవాణ్ణి. కొనేవాడు ఎద్దు పళ్ళు పట్టి చూస్తాడు, సుడులు చూస్తాడు, నడిపిస్తాడు, కాడి కట్టి చూస్తాడు. తువ్వాలు కింద వేళ్ళు పట్టుకుని బేరం చేస్తారు. అమ్మేవాడు తన ఎద్దు దోషాలు చదవడు. చూసుకుని కొనుక్కోవడం కొనేవాడి వంతు. ఆ కుర్రాడు కూడా నడిపి చూసుకున్నాడు కదా!

రెండోది, నాకు నిజంగానే తెలియదు. తెలిసిన దోషాన్ని దాచడం మోసం. కానీ నా దగ్గరున్నది దోషం కాదు, ఒక అనుమానం. అదీ నాది కాదు, మా ఆవిడది.

మూడోది కాస్త తెలివైన వాదన. పాత బండికి వంద చప్పుళ్ళుంటాయి. ప్రతి చప్పుడు వెంటా పడితే ఎవరూ ఏదీ అమ్మలేరు, ఎవరూ ఎక్కడికీ బయల్దేరలేరు.

ఈ వాదనలతో పక్కమీద దొర్లుతుంటే క్లిఫర్డ్ గుర్తొచ్చాడు. విలియం కింగ్డన్ క్లిఫర్డ్ ఇంగ్లండులో పుట్టిన గణితవేత్త. లెక్కలు చదివినవాళ్ళకి ఆయన పేరు మీదున్న బీజగణితం తెలిసే ఉంటుంది. ముప్ఫై మూడేళ్ళకే పోయాడు. 1877లో, నమ్మకానికి కూడా నీతి ఉందని ఒక వ్యాసం రాశాడు. అందులో ఒక ఓడ యజమాని ఉంటాడు. ఓడ పాతది, మరమ్మతులు కావలసింది. మనుషుల్ని ఎక్కించుకుని సముద్రం మీదికి పంపాలి. అనుమానాలు వస్తాయి. ఇన్ని ప్రయాణాలు క్షేమంగా చేసింది కదా, దేవుడే చూసుకుంటాడని తనకు తాను నచ్చజెప్పుకుంటాడు. చివరికి ఓడ గట్టిదేనని మనస్ఫూర్తిగా నమ్ముతాడు. ఓడ మునిగిపోతుంది. యజమాని బీమా డబ్బు తీసుకుంటాడు. అతను నిజాయితీగానే నమ్మాడు కదా అంటే, నమ్మాడు గానీ అలా నమ్మే హక్కు అతనికి లేదంటాడు క్లిఫర్డ్. ఓడ మునగకుండా క్షేమంగా తిరిగొచ్చినా అతని తప్పు వీసమెత్తు తగ్గదంటాడు. ఇది గాల్లో ఊహించి రాసినవాడూ కాదు. 1870లో సూర్యగ్రహణం చూడడానికి వెళుతూ సిసిలీ దగ్గర ఓడ ప్రమాదంలోంచి బతికి బయటపడ్డవాడు.

అమ్మకం గురించైతే అంతకన్నా పాత తగాదా ఒకటుంది. క్రీస్తు పూర్వం 44లో సిసిరో తన కొడుక్కి కర్తవ్యాల గురించి ఒక పుస్తకం రాసి పంపాడు. అందులో ఒక వర్తకుడు అలెగ్జాండ్రియా నుంచి ధాన్యం ఓడతో కరువులో ఉన్న రోడ్స్ ద్వీపానికి చేరతాడు. వెనక ఇంకా చాలా ఓడలు వస్తున్నాయని అతనికి తెలుసు. అది చెప్పాలా, చెప్పకుండా మంచి ధరకి అమ్ముకోవాలా? చెప్పకపోవడం వేరు, దాచడం వేరు అంటాడు గురువు డియోజెనీస్. చెప్పి తీరాలంటాడు శిష్యుడు ఆంటిపేటర్. పాడైన ఇల్లు అమ్మేవాడి గురించీ ఇదే వాదన. సిసిరో శిష్యుడి పక్షం చేరతాడు. నీకు తెలిసింది తెలుసుకోవడం వల్ల ఎవరికి మేలో వాళ్ళకి, నీ లాభం కోసం తెలియనివ్వకపోతే అది దాచడమేనని ఆయన మాట.

ఇంత దూరం వెళ్ళడమెందుకు, మన ధర్మరాజు లేడా? అశ్వత్థామ చచ్చాడని గట్టిగా అని, ఏనుగన్న మాట గొంతులో అన్నాడు. ఆ మాట ద్రోణుడికి వినపడకుండా కృష్ణుడు శంఖం ఊదాడని మన పెద్దవాళ్ళు చెప్పే కథ. అన్న మాటల్లో అబద్ధం లేదు. అయినా అప్పటిదాకా నేలకి నాలుగంగుళాల ఎత్తున నడిచిన ఆయన రథం ఆ రోజు నేలకి దిగింది. పాసింగ్ అయిందని గట్టిగా చెప్పిన నా రెండో వాక్యం ఎలాంటిదో అప్పుడు తెలిసింది. అది నా శంఖం.

మా ఆవిడ చెప్పిన చప్పుడు నిజమో కాదో నాకు తెలియదు. అది నిజం. కానీ ఎందుకు తెలియదు? వెనక ఒక మనిషిని కూర్చోబెట్టుకుని ఒక్కసారి నడిపి చూస్తే తెలిసిపోయేది. అలా ఎందుకు చూడలేదో నాకు లోపల తెలుసు. చూస్తే తెలిసిపోతుంది, తెలిస్తే చెప్పాలి, చెబితే ధర పడిపోతుంది. తెలియకుండా ఉండడం నాకు లాభం. బజారు కూడా దాన్నే మెచ్చుకుంటుంది. వెతికినవాడు దోషం చెప్పి ధర పోగొట్టుకుంటాడు. వెతకనివాడు నిర్మలమైన మనసుతో పూర్తి ధర తీసుకుంటాడు. పాత కార్ల బజారు మీద 1970లో జార్జ్ అకెర్లాఫ్ రాసిన ప్రసిద్ధమైన వ్యాసం ఒకటుంది. అమ్మేవాడికి తెలిసింది కొనేవాడికి తెలియకపోతే మంచి బండ్లు బజారులోంచి తప్పుకుంటాయని, నాసిరకమే మిగులుతుందని అందులో చూపించాడు. 2001లో నోబెల్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో ఆయనొకడు. అమ్మేవాడు తెలుసుకోవడమే మానేస్తే ఆ బజారు ఏమవుతుందో నాకు ఆ రాత్రి అర్థమైంది.

గురువారం సాయంత్రం సనయ్యాకి వెళ్ళాను. అల్ ఐన్‌లో కారు కావచ్చు, ఏసీ కావచ్చు, ఏది బాగు చేయించుకోవాలన్నా సనయ్యాకే పోవాలి. అక్కడ పెషావర్ నుంచి వచ్చిన ముసలి మేస్త్రీ ఉండేవాడు. అందరం చాచా అనేవాళ్ళం. సంగతి చెప్పాను. ఆయన మొట్టమొదట అడిగింది నేను రెండు నెలలుగా అడగని ప్రశ్న.

"చప్పుడు విన్నదెవరు?"

"మా ఆవిడ."

"ఎక్కడ కూర్చుంది?"

షాపులో పనిచేసే కుర్రాణ్ణి నా వెనక ఎక్కించాడు. వెనక టైరు మీద సుద్దముక్కతో గీత గీశాడు. నడక వేగంతో నడపమని, తను పక్కనే వంగి నడిచాడు. పది గజాలు పోలేదు. టక్. కాసేపాగి మళ్ళీ, టక్. నాకు కూడా స్పష్టంగా వినపడింది.

చాచా నోట్లో లెక్క పెడుతున్నాడు. సుద్దగీత ఐదుసార్లు తిరిగితే రెండు చప్పుళ్ళు. ఎనిమిదిసార్లు తిరిగితే మూడు.

"ఆపు మాస్టర్జీ. చక్రానిదైతే చుట్టుకొక్కసారి కొట్టాలి. ఇంజనుదైతే ఇంకా ఎక్కువసార్లు కొట్టాలి. ఈ బండిలో చక్రం కంటే నెమ్మదిగా తిరిగేది ఒక్కటే."

చైను. తరవాత కాగితం మీద వేసి చూశాను. వెనక పళ్ళచక్రానికి నలభై రెండు పళ్ళు. చైనులో నూట పది లింకులు. చైను ఒక్క చుట్టు పూర్తవడానికి చక్రం రెండుంబావు చుట్లు దాటి, రెండున్నరా దాటి, ఇంకాస్త తిరగాలి. ఎనిమిదో క్లాసు పిల్లవాడు చేసే భాగహారం. చదువు లేని ఆ ముసలాయన సుద్దముక్కతో చేశాడు. చదువుకున్న నేను చేయలేదు.

కిరసనాయిలు గుడ్డతో చైను తుడుస్తూ పోయి ఒకచోట ఆగాడు. చైను రెండు కొసల్నీ కలిపే లింకుకి ఒక చిన్న క్లిప్పుంటుంది, చైన్ లాక్ అంటాం. అది లేదు. ఎప్పుడు ఊడి పడిందో! దాని వెనకుండే రేకు సగం బయటికి జరిగి, బిగువు మీద మాత్రం నిలిచి ఉంది. వెనక మనిషి కూర్చుంటే బండి కిందికి దిగి, చైను ఫ్రేముకి దగ్గరగా వస్తుంది. అప్పుడు ఆ రేకు సామాను రాక్ బోల్టుకి తగులుతోంది. బోల్టు మీద వెండిలా మెరుస్తూ గీత ఉంది. ఒక్కణ్ణే నడిపితే తగలదు. స్టాండు మీద తిప్పితే తగలదు. పరీక్షా కేంద్రంలో తగలదు.

చైను తెగితే ఏమవుతుందో చాచా చెప్పక్కర్లేదు. అదృష్టం బాగుంటే రోడ్డు మీద పడిపోతుంది. లేకపోతే చక్రానికి చుట్టుకుని బిగుసుకుంటుంది. కొండ దిగేటప్పుడు మా ఆవిడ ఎడమ పాదం దానికి జానెడు దూరంలో ఉండేది. అప్పటికి ఆవిడకి ఆరో నెల.

"ఎవరికి అమ్ముతున్నావు?" అడిగాడు చాచా.

చెప్పాను. మజ్రాలో బావమరిది సంగతి కూడా చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. పాన పక్కన పెట్టి, వాళ్ళ ప్రవక్త గురించి ఒక సంగతి చెప్పాడు. ఆయన ఒకసారి బజారులో ధాన్యం కుప్పలో చెయ్యి పెడితే లోపల తడి తగిలిందట. వానకి తడిసిందని చెప్పాడట అమ్మేవాడు. మరి తడిసింది అందరికీ కనపడేట్టు పైన ఎందుకు పోయలేదని అడిగారట ఆయన. ఇంతే చెప్పి చాచా తన పనిలో పడ్డాడు. ఆ వర్తకుడు కుప్పలో చెయ్యి పెట్టి చూసుకోవద్దని ఎవరితోనూ అనలేదు. మన సంతలో అది తప్పు కాదు. కానీ కుప్ప లోపల ఏముందో తెలిసినవాడు అతనొక్కడే.

కొత్త చైను, రెండు పళ్ళచక్రాలు, కూలీ కలిపి రెండు వందల ఇరవై దిర్హాములయింది. రెండు నెలలు నేను తెలుసుకోకుండా దాచుకున్న లాభం అంత.

అక్కడితో కథ అయిపోవాలి. దోషం పోయింది, బండి ఇప్పుడు నిజంగానే బాగుంది. ఇక ఆ కుర్రాడికి చెప్పాలా? చెబితే వాడికొచ్చే మేలేమీ లేదు, నాకు సిగ్గు తప్ప. శుక్రవారం పొద్దున దాకా ఇదే ఆలోచన. చివరికి చెప్పాను. చెప్పడానికి కారణం గొప్పదేం కాదు. బండిలో దోషం మేస్త్రీ తీసేశాడు. నా మాటలో దోషం మాత్రం అలాగే ఉంది. దాన్ని తీయడానికి ఇంకో మేస్త్రీ లేడు.

కుర్రాడు మొత్తం విన్నాడు. కొత్త చైను వంగి చూశాడు. తరవాత నా మొహం చూశాడు.

"అడ్వాన్సు దీస్కున్ననాడు ఎందుకు చెప్పలే సార్?"

నాకు జవాబు తోచలేదు. రెండు వందలు తగ్గించుకోమన్నాను. ఒప్పుకోలేదు. "మాట మాటనే సార్" అని మూడు వేలూ లెక్కపెట్టి ఇచ్చాడు. బండి తోలుకుని పోయేముందు తన దోస్తుతో బ్రేకులు, టైర్లు, లైట్లు అన్నీ ఒక్కొక్కటిగా చూపించుకున్నాడు. మొదటిరోజు ఏదీ అలా చూడలేదు. తరవాత కూడా వాళ్ళ బకాలాకి వెళితే బాగా పలకరించేవాడు, మజ్రా బావమరిది కబుర్లు చెప్పేవాడు. కానీ మళ్ళీ ఎప్పుడూ అన్నా అనలేదు. సారే.

ఆ రాత్రి ఫోనులో మా ఆవిడకి చెప్పాను. "నేను చెప్పినప్పుడు నా చెవుల్లో గాలన్నారుగా" అంది. ఇంకేమీ అనలేదు.

ఇప్పుడు నా ప్రశ్నకి నేను చెప్పుకునే జవాబు ఇది. ప్రతి చప్పుడు వెంటా పడలేమన్న మూడో వాదన తప్పు కాదు. అందుకే ఎక్కడ ఆగాలో తెలియాలి. చేతనైనంత వెతికి, ఇక దారి లేక ఆగినవాడు తెలియదంటే అది నిజం. దొరికితే ఖర్చవుతుందని ఆగినవాడు తెలియదంటే అది అబద్ధం. రెండూ బయటికి ఒక్కలాగే వినపడతాయి. తేడా అన్నవాడికే తెలుసు. వెతికే ఓపికో డబ్బో లేనివాడికి కూడా ఒక పని మిగులుతుంది. అనుమానాన్ని అనుమానంగానే చెప్పొచ్చు. "నాకు వినపడలేదు గానీ, మా ఆవిడ వెనక కూర్చుంటే ఏదో చప్పుడొస్తోందంటుంది. ఒకసారి చూసుకో తమ్ముడూ." పైసా ఖర్చు లేని మాట అది. ఆ రోజు నా నోట్లోంచి రాలేదు.

తరవాత నేను కొన్న పాత కారు కూడా ఏవేవో చప్పుళ్ళు చేసేది. ముందు వెనక సీట్లో కూర్చున్నవాళ్ళని అడిగేవాణ్ణి.